చివరి బెంచీలో రెండో ఫోను

(విశాఖపట్నంలో పాఠశాల ఉపాధ్యాయుల ముందు చేసిన ప్రసంగం. ఆన్‌లైన్ బోధన పరికరాల గురించి.)

మాస్టార్లకీ మేడమ్‌లకీ నమస్కారం. గాజువాక, పెందుర్తి, భీమిలి, ఆనందపురం నుంచి కూడా వచ్చారు. మాటలకన్నా ముందు ఒక పని చెప్తాను, రాసుకోండి.

ఇంట్లో ఆన్‌లైన్ క్లాసు మొదలుపెట్టే ముందు, మీరు పాఠం చెప్పే ఫోనో లాప్‌టాపో కాకుండా ఇంకో ఫోను తీసుకోండి. ఇంట్లో ఉన్నవాటిలో అన్నిటికన్నా పాతది. వైఫై ఆపేసి, సిమ్ డేటా మీద, ఒక పిల్లవాడి పేరు పెట్టి అదే క్లాసులో చేరండి. దాన్ని పక్క గదిలో పెట్టి, ఇంట్లో ఎవరినైనా ఇయర్‌ఫోన్ పెట్టుకొని పది నిమిషాలు వినమనండి. అది మీ క్లాసులో చివరి బెంచీ. ఇవాళ నేను చెప్పేదంతా ఆ ఫోనులో ఏం వినపడుతోంది, ఏం కనపడుతోంది అన్నదాని చుట్టూనే తిరుగుతుంది.

ఎందుకంటే మన తెరమీద మన క్లాసు ఎప్పుడూ బాగానే ఉంటుంది. మన బొమ్మ మన లాప్‌టాప్ నుంచి బయల్దేరి, సర్వరుకి వెళ్లి, పిల్లవాడి సిగ్నలుకి తగ్గట్టు కుదించుకొని, ఆరంగుళాల తెరమీదికి చేరేసరికి ఎంత మిగిలిందో మనకి తెలిసే దారి వేరే లేదు. యాప్‌లు మారతాయి, ఆర్నెల్లకోసారి మెనూల్లో పేర్లు మారతాయి. అవన్నీ బట్టీ పట్టక్కర్లేదు. ఏ మీట నొక్కినా రెండో ఫోనులో ఏం జరిగిందో చూడటం అలవాటైతే, రేపు కొత్త యాప్ వచ్చినా మీకు మీరే నేర్చుకోగలరు.

2020 మార్చిలో బళ్లు మూతపడినప్పుడు అందరం ఒక్కసారిగా ఇందులోకి దిగాం. ఇప్పుడు అవసరం వేరు. వాయుగుండం పట్టి సెలవులిచ్చినప్పుడు, పదో తరగతి పరీక్షల ముందు సాయంత్రం డౌట్ల క్లాసుకి, పాడేరు వైపు పిల్లలకి రికార్డు చేసి పంపే పాఠానికి. రోజూ వాడేది కాదు కాబట్టి, వాడిన రోజున సరిగ్గా పనిచేయాలి.

మొదట శబ్దం. బొమ్మ మసగ్గా ఉన్నా పిల్లలు సర్దుకుంటారు. మాట తెగితే మాత్రం రెండు నిమిషాల్లో ఫోను పక్కన పెట్టేస్తారు. అందుకని డబ్బు ఖర్చు పెట్టాలంటే కెమెరా మీద కాకుండా కాలరు మైకు మీద పెట్టండి. మైకు నోటికి ఎంత దగ్గరగా ఉంటే అంత మంచిది. దూరం సగం తగ్గితే మన గొంతు మైకుకి రెట్టింపు బలంగా అందుతుంది. ఫ్యాను చప్పుడు మాత్రం పెరగదు. మన ఊరి ఉక్కపోతలో ఫ్యాను ఆపి పాఠం చెప్పండని ఎవరూ అనలేరు. మైకుని గడ్డానికి జానెడు కిందకి తెస్తే ఫ్యాను దానంతటదే వెనక్కి పోతుంది. గాలి నేరుగా మైకుకి కొట్టకుండా దాని మీద స్పాంజి తొడుగు ఉంచండి. అది పోతే పల్చని నూలు గుడ్డ ఒక చుట్టు చుట్టండి.

మేడమ్‌లకి ప్రత్యేకంగా చెప్పాలి. మంగళసూత్రం, గొలుసు మైకుకి తగిలి టక్కుటక్కుమంటాయి. పైట రాపిడి గాలివాన శబ్దంలా వినపడుతుంది. గొలుసు ఊగే మధ్యలో కాకుండా, పైట లేని వైపు భుజం దగ్గర పిన్నుతో పెట్టి, తీగని ఒక చుట్టు తిప్పి అక్కడే బిగించండి. తల తిప్పినా తీగ లాగదు.

కాలరు మైకు కొనేటప్పుడు దాని పిన్ను చూడండి. పిన్ను మీద నల్ల గీతలుంటాయి. మూడుంటే ఫోనుకి పనికొస్తుంది. రెండే ఉంటే అది కెమెరాలకి చేసినది, ఫోను దాన్ని మైకుగా గుర్తించదు. తీగ గుచ్చి ఉంటుంది, పాఠం నడుస్తూ ఉంటుంది, పనిచేసేది మాత్రం ఫోను సొంత మైకే. దీనికి చిన్న పరీక్ష ఉంది. రికార్డింగు పెట్టి కాలరు మైకుని గోటితో గీరండి. తర్వాత వింటే గరగరమని గట్టిగా వినపడాలి. వినపడకపోతే మైకు పలకడం లేదన్నమాట. కొత్త ఫోన్లలో గుండ్రటి రంధ్రమే ఉండదు, టైప్‌సీ కన్వర్టరు కావాలి. అన్ని కన్వర్టర్లూ అన్ని ఫోన్లకీ పనిచేయవు. ఫోను పట్టుకెళ్లి కొట్లోనే గుచ్చి, గోటితో గీరి చూసి కొనుక్కోండి.

బ్లూటూత్ ఇయర్‌ఫోన్లతో పాఠం చెప్పకండి. పాటలు వినడానికి బాగుంటాయి గానీ, అందులోని మైకు వాడటం మొదలుపెట్టగానే చాలావాటిలో ధ్వని ఫోన్‌కాల్ స్థాయికి పడిపోతుంది. మన శ, ష, స పిల్లలకి ఒకేలా వినపడతాయి. తెలుగు పద్యం చెప్పేవాళ్లకి అది పెద్ద నష్టం.

ఇంకో సంగతి. గూగుల్ మీట్, జూమ్ లాంటి క్లాసు యాప్‌లు వెనక చప్పుడుని వాటంతటవే తీసేస్తాయి. మనిషి మాట కానిదంతా వాటికి చప్పుడే. శృతిదండం మోగించినా, తాళం వేసినా, రెండు రాళ్లు కొట్టి చూపించినా తుడిచేస్తాయి. మనకి గదిలో వినపడుతుంది కాబట్టి పిల్లలకీ వినపడిందనుకుంటాం. అలాంటి ప్రయోగం ఉన్న రోజు జూమ్‌లో 'ఒరిజినల్ సౌండ్' పెట్టండి, మీట్‌లో 'నాయిస్ క్యాన్సిలేషన్' ఆపండి. వీడియో చూపించేటప్పుడు కూడా ఇదే తంటా. జూమ్‌లో స్క్రీన్ షేర్ నొక్కే ముందు కింద 'షేర్ సౌండ్' గడిలో టిక్కు పెట్టాలి. మీట్‌లో కంప్యూటర్ నుంచైతే మొత్తం తెర బదులు 'ట్యాబ్' ఎంచుకుంటే శబ్దం కూడా వెళుతుంది. లేకపోతే మూగ వీడియో వెళ్లొచ్చు.

ఒకే గదిలో రెండు పరికరాలు ఒకే క్లాసులో ఉండి, రెండింటికీ మైకూ స్పీకరూ తెరిచి ఉంటే కీచుమని అరుస్తుంది. ఒకదాని స్పీకరులోంచి వచ్చిన మాటని ఇంకోదాని మైకు పట్టుకొని మళ్లీ పంపడమే కారణం. రెండోదానికి మైకు ఆపితే సరిపోదు, దాని శబ్దం కూడా సున్నా చేయాలి. జూమ్‌లో అయితే రెండో పరికరంతో చేరేటప్పుడు ఆడియో అడుగుతుంది. అక్కడ ఏమీ ఎంచుకోకుండా వదిలేయండి.

ఇక రాత. దీని మీద కాస్త ఎక్కువసేపు ఉంటాను. గణితం, భౌతికశాస్త్రం, వ్యాకరణం చెప్పేవాళ్లకి చేత్తో రాయడం లేకపోతే పాఠం లేదు.

గోడ మీది బోర్డుని ఫోనుతో తీయడం అందరికీ ముందు తోచేది. అది అన్నిటికన్నా కష్టమైన పద్ధతి కూడా. బోర్డు మెరుస్తుంది, మన ఒళ్లు అడ్డం వస్తుంది, అక్షరం చిన్నదైపోతుంది. బల్ల మీద తెల్లకాగితం పెట్టి, పైనుంచి ఫోను కిందకి చూసేట్టు బిగించండి. ఏ4 కాగితం అడ్డంగా పెట్టి, ఫోను దాని పైన సుమారు 30 నుంచి 35 సెంటీమీటర్ల ఎత్తులో ఉంటే చాలా ఫోన్లలో కాగితం మొత్తం పడుతుంది. వంగే మెడ ఉన్న స్టాండు దొరికితే సరే. లేకపోతే రెండు వైపులా సమానంగా పుస్తకాలు పేర్చి, మీద రెండు చెక్క స్కేళ్లు కొంచెం ఎడంగా వేసి, ఆ సందులోంచి కెమెరా కిందకి చూసేట్టు ఫోను పెట్టండి. స్కేళ్లు జారకుండా టేపు వేయండి. ఫోను పడిపోయేది ఎప్పుడూ ఛార్జరు తీగ లాగినప్పుడే. తీగని బల్ల అంచుకి కూడా టేపుతో అంటించండి.

లాప్‌టాప్ ఉంటే క్లాసులో రెండుసార్లు చేరండి. లాప్‌టాప్‌తో మాట, ఫోనుతో కాగితం. ఫోను బొమ్మని జూమ్‌లో 'స్పాట్‌లైట్' చేస్తే పిల్లలందరికీ పెద్దగా కనపడుతుంది. మీట్‌లో దాన్నే అందరికీ 'పిన్' చేయడం అంటారు. మీరొక్కరే పిన్ చేసుకుంటే మీకే పెద్దదవుతుంది, పిల్లలకి కాదు. రెండో ఫోను చూస్తే తేడా వెంటనే తెలుస్తుంది.

అక్షరం ఎంత పెద్దగా రాయాలి? లెక్క కడదాం. ఏ4 కాగితం పొడుగు 29.7 సెంటీమీటర్లు. పిల్లవాడు ఫోనుని నిలువుగా పట్టుకుంటాడు, ఎక్కువమంది అలాగే పట్టుకుంటారు. అప్పుడు మన కాగితం మొత్తం ఏడు సెంటీమీటర్ల వెడల్పులోకి దిగిపోతుంది. నాలుగో వంతు. నోటుపుస్తకంలో రాసే ఐదు మిల్లీమీటర్ల అక్షరం అక్కడ ఒక మిల్లీమీటరు చిల్లర. చదవలేడు. ఒకటిన్నర సెంటీమీటర్ల అక్షరం రాస్తే సుమారు మూడున్నర మిల్లీమీటర్లు వస్తుంది, అచ్చు పుస్తకంలో చదివినట్టు ఉంటుంది. అంటే కాగితానికి ఐదారు లైన్లే. కాగితాలు ఎక్కువ అవుతాయి, అవ్వనివ్వండి. ఒకవైపు వాడేసిన ప్రింటు కాగితాల వెనకవైపు రాయండి. బాల్‌పెన్ను వద్దు, గీత సన్నం. నల్ల స్కెచ్ పెన్ను గానీ, 1 మిల్లీమీటరు జెల్ పెన్ను గానీ తీసుకోండి. ఎరుపుని అండర్‌లైన్‌కే ఉంచండి. పసుపు, లేత ఆకుపచ్చ తెరమీద దాదాపు కనపడవు.

తెలుగులో ఇంకో ఇబ్బంది ఉంది. మనకి అక్షరం పైన గుడి, కింద ఒత్తు. లైన్లు దగ్గరగా రాస్తే పై లైను ఒత్తు కింది లైను గుడిలో కలుస్తుంది. వీడియో కుదించినప్పుడు ముందు పోయేవి సన్నని చుక్కలు, చిన్న గీతలు. 'అర్ధవృత్తం' లో ధ ఒత్తుకీ, 'అర్థం' లో థ ఒత్తుకీ మధ్య ఉన్నది ఒక చుక్క. రెండో ఫోనులో అది మాయమవుతుంది. అందుకని కొత్త పదం రాసిన ప్రతిసారీ పైకి పలకండి. స్లైడులో అయితే మరీ బొద్దు అక్షరాలు వాడకండి. ఘ, ఝ, ష లాంటి వాటిలో లోపలి ఖాళీలు పూడిపోతాయి. మండలి లాంటి మామూలు మందం ఉన్న ఫాంటు పాఠానికి బాగుంటుంది. రామభద్ర శీర్షికలకి సరిపోతుంది. స్లైడు తయారు చేశాక పీడీఎఫ్‌గా కూడా దాచుకోండి. వేరే కంప్యూటరులో ఆ ఫాంటు లేకపోతే లైన్లన్నీ చెదిరిపోతాయి. పీడీఎఫ్ చెదరదు.

వెలుతురు. కుడిచేత్తో రాసేవాళ్లకి దీపం ఎడమవైపు ముందు ఉండాలి. కుడివైపు ఉంటే చేతి నీడ సరిగ్గా రాస్తున్న చోటే పడుతుంది. ట్యూబులైటు సరిగ్గా నెత్తిమీద ఉంటే ఫోను నీడ కాగితం మీద పడుతుంది, బల్లని రెండడుగులు పక్కకి జరపండి. బొమ్మలో అడ్డచారలు పాకుతుంటే అది దీపం లోపం కాదు. మన కరెంటు సెకనుకి 50 ఆవృత్తులు. కెమెరా 60కి అమర్చి ఉంటే చారలు వస్తాయి. వెబ్‌క్యామ్ సెట్టింగుల్లో 'ఫ్లికర్' అన్న చోట 50 హెర్ట్జ్ పెట్టండి. తెల్లకాగితం బూడిదరంగులో కనపడటం ఇంకో ఫిర్యాదు. తెలుపు ఎక్కువైతే కెమెరా తనంతట తాను వెలుతురు తగ్గించుకుంటుంది. రికార్డు చేసేటప్పుడు ఫోను కెమెరా యాప్‌లో కాగితం మీద వేలు నొక్కి పట్టుకుంటే చాలా ఫోన్లలో ఫోకస్, వెలుతురు రెండూ అక్కడే ఆగిపోతాయి. పక్కన వచ్చే సూర్యుడి గుర్తుని కొద్దిగా పైకి జరపండి. చెయ్యి కదిలినప్పుడల్లా బొమ్మ ఊగిసలాడటం కూడా ఆగుతుంది.

(సభలోంచి ప్రశ్న: నా తెరమీద అక్షరాలు తిరగబడి కనపడుతున్నాయి, పిల్లలకీ అలాగే ఉంటుందా?)

ఉండదండీ. ముందువైపు కెమెరా వాడితే యాప్ మన బొమ్మని మనకి అద్దంలోలాగా తిప్పి చూపిస్తుంది. పిల్లలకి మామూలుగానే వెళుతుంది. జూమ్‌లో 'మిర్రర్ మై వీడియో' అన్న మీట మీ తెరకి మాత్రమే సంబంధించింది. ఇది తెలియక కాగితాన్ని తిప్పడం, వేరే యాప్‌తో బొమ్మని తిరగేయడం చేస్తే అప్పుడు పిల్లలకి నిజంగానే తిరగబడుతుంది. రెండో ఫోనులో చూసుకోండి, అక్కడ సరిగ్గా ఉంటే మీ తెరని వదిలేయండి.

ఇప్పుడు ఒక పాఠం తీసుకుందాం. తేలడం, మునగడం. బీచ్ రోడ్డులో కుర్సురా జలాంతర్గామి మన పిల్లలకి తెలుసు. 91 మీటర్ల ఉక్కు ఓడ నీటి మీద ఎలా తేలింది, ఎలా మునిగింది, మళ్లీ ఎలా పైకొచ్చింది? ఈ ప్రశ్నని ఫొటోతోపాటు తెరమీద పెట్టి మొదలుపెట్టండి. జవాబు చెప్పేయకండి. కెమెరా ముందు లీటరు ప్లాస్టిక్ సీసా పెట్టండి, అంచుదాకా నీళ్లతో. బాల్‌పెన్ను మూత తీసుకొని, దాని క్లిప్పు కొసకి గోధుమపిండి ముద్దో మైనమో అంటించండి. మూత నోరు కిందకి ఉండి, దాని పై కొస మాత్రమే నీటి పైన కనపడేంత బరువు చాలు. సీసా మూత బిగించి, చేత్తో నొక్కితే పెన్ను మూత కిందకి పోతుంది. వదిలితే పైకొస్తుంది. నొక్కినప్పుడు లోపలి గాలి కుదించుకొని నీరు లోపలికి ఎక్కుతుంది, బరువు పెరుగుతుంది. జలాంతర్గామి తొట్టెల్లోకి నీరు నింపుకొనేది ఇందుకే.

ఇది ఎక్కడ చెడుతుందంటే, కొన్ని పెన్ను మూతలకి పైన చిన్న రంధ్రం ఉంటుంది, గాలి తప్పించుకొని మూత మునిగిపోతుంది. మైనంతో ఆ రంధ్రం పూడ్చాలి. సీసా నిండా నీళ్లు లేకపోతే ఎంత నొక్కినా కదలదు, మన బలమంతా పైన ఉన్న గాలి మింగేస్తుంది. ఇక కెమెరాకి సంబంధించి, సీసా వెనక నల్లటి అట్ట పెట్టి, దీపం పక్కనుంచి వేయాలి. పెన్ను మూత ఎరుపుదో నీలందో అయి ఉండాలి. తెల్లమూత, తెల్లగోడ అయితే పిల్లలకి నీళ్ల సీసా తప్ప ఏమీ కనపడదు. నెమ్మదిగా నొక్కండి. సిగ్నలు తక్కువ ఉన్నచోట సెకనుకి ఐదారు బొమ్మలే వెళ్తాయి. చకచకా చేస్తే మూత పైన ఒకసారి, కింద ఒకసారి కనపడుతుంది, మధ్యలో కదలిక పోతుంది.

ప్రశ్న అడిగాక ఆగడం. తరగతి గదిలో కూడా మనం ఆగం. మేరీ బడ్ రో అనే అమెరికన్ పరిశోధకురాలు 1970లలోనే తరగతులు గమనించి చెప్పింది, ఉపాధ్యాయులు ప్రశ్న వేశాక సగటున ఒక సెకను మాత్రమే ఆగుతారని. మూడు సెకన్లు ఆగితే జవాబుల పొడవూ నాణ్యతా పెరిగాయి. ఆన్‌లైన్‌లో మన మాట చేరడానికీ, పిల్లవాడు మైకు మీట వెతుక్కోవడానికీ ఇంకొంత సమయం పోతుంది. పది సెకన్లు మనసులో లెక్కపెట్టండి. నిశ్శబ్దంగా ఉన్నప్పుడు "అర్థమైందా?" అని అడగకండి, అందరూ "అయింది సార్" అనే అంటారు. బదులుగా, "జవాబు చాట్‌లో టైప్ చేసి ఉంచండి, పంపకండి. నేను చెప్పాక అందరూ ఒకేసారి నొక్కండి" అనండి. ఒకరిని చూసి ఇంకొకరు రాయడం పోతుంది. వెనకబడిన పిల్లల జవాబు కూడా బయటికి వస్తుంది. యూట్యూబ్ లైవ్‌లో మాత్రం ఇది కుదరదు, మన మాట పిల్లలకి కొన్ని సెకన్ల నుంచి అరనిమిషం దాకా ఆలస్యంగా చేరుతుంది. అది ఉపన్యాసానికి సరే, ప్రశ్నోత్తరాలకి కాదు.

ఉచిత జూమ్ 40 నిమిషాలకి ఆగిపోతుంది. ఉచిత మీట్‌లో ముగ్గురూ అంతకన్నా ఎక్కువ మందీ ఉంటే గంట. రెండిట్లోనూ వందమంది. మన పీరియడుకి 40 నిమిషాలు సరిపోతాయి గానీ, లింకు తెరిచినప్పటి నుంచే గడియారం మొదలవుతుందని గుర్తుంచుకోండి. పిల్లలు చేరేసరికి ఐదు నిమిషాలు పోతాయి. పాఠాన్ని 30 నిమిషాలకి కట్టుకోండి.

పరీక్షకి గూగుల్ ఫారమ్ చాలు. సెట్టింగుల్లో 'మేక్ దిస్ ఎ క్విజ్' పెట్టి, ప్రతి ప్రశ్నకీ 'ఆన్సర్ కీ' నొక్కి సరైన జవాబు, మార్కులు ఇవ్వండి. రెండు మెలికలున్నాయి. ఒకటి, 'ఒక్కరికి ఒకే జవాబు' అన్న మీట పెడితే గూగుల్ ఖాతాతో లోపలికి రావాలి. మన పిల్లల్లో చాలామందికి ఇంటికి ఒకే ఫోను, నాన్నగారి ఖాతా. అక్క రాశాక తమ్ముడు రాయలేడు. ఆ మీట ఆపి, పేరు, తరగతి, రోల్ నంబరు తప్పనిసరి చేయండి. రెండోది, ఒక మాటలో జవాబు రాయమంటే ఫారమ్ అక్షరం అక్షరం పోల్చి చూస్తుంది. మీరు 'ఆర్కిమెడిస్' అని పెట్టి, పిల్లవాడు 'ఆర్కిమెడీస్' అని రాస్తే సున్నా. తెలుగులో ఒక పేరుని రెండు మూడు రకాలుగా రాస్తాం కాబట్టి, యంత్రం దిద్దాల్సినవి బహుళైచ్ఛిక ప్రశ్నలుగానే ఇవ్వండి. రాసే జవాబులు మీరు దిద్దండి. ఫలితాల్లో మార్కుల కన్నా ముందు ఏ ప్రశ్నకి ఎక్కువమంది తప్పు చేశారో చూడండి. అందరూ ఒకే తప్పు జవాబు ఎంచుకుంటే మర్నాడు పాఠం అక్కడినుంచి మొదలుపెట్టాలి.

పాత ప్రశ్నపత్రాలు అను ఫాంట్లలో టైప్ చేసినవి మీ దగ్గర బోలెడు ఉంటాయి. వాటిని కాపీ చేసి ఫారమ్‌లో అతికిస్తే పిచ్చి గుర్తులు వస్తాయి. అవి యూనికోడ్ (అన్ని పరికరాలూ ఒకేలా చదివే అక్షరాల పద్ధతి) కావు, ఇంగ్లీషు గుర్తుల స్థానంలో తెలుగు బొమ్మలు కూర్చినవి. కన్వర్టరుతో మార్చుకోవచ్చు గానీ, మార్చాక ఒత్తులు, అరసున్నాలు, అంకెలు ఒకసారి కంటితో చూడాలి. కొత్తవి మొదటినుంచీ యూనికోడ్‌లోనే టైప్ చేయండి. ఫోనులో గూగుల్ వాళ్ల కీబోర్డు జీబోర్డుకి తెలుగు చేర్చుకుంటే ఇంగ్లీషు అక్షరాలతో కొట్టినా తెలుగు వస్తుంది. మైకు గుర్తు నొక్కి చెప్పినా రాస్తుంది. కంప్యూటరులో క్రోమ్‌లో గూగుల్ డాక్స్ తెరిచి, 'టూల్స్' కింద 'వాయిస్ టైపింగ్' లో తెలుగు ఎంచుకుంటే సరి. విరామచిహ్నాలు మీరే పెట్టుకోవాలి, సంధి కలిసిన మాటల్ని అప్పుడప్పుడు విడగొడుతుంది. అయినా కొట్టడం అలవాటు లేనివాళ్లకి చాలా పని తగ్గుతుంది.

డేటా గురించి పిల్లల తల్లిదండ్రులు అడుగుతారు, మనకి లెక్క తెలిసి ఉండాలి. సెకనుకి 400 కిలోబిట్లు వాడే క్లాసు అంటే, ఎనిమిది బిట్లు ఒక బైటు కాబట్టి, ఎనిమిదితో భాగిస్తే 50 కిలోబైట్లు. 40 నిమిషాలకి 2,400 సెకన్లు. మొత్తం 120 ఎంబీ. అదే స్పష్టత పెంచి 2,500 కిలోబిట్లు పోనిస్తే 750 ఎంబీ. రోజుకి 1.5 జీబీ ప్యాకు ఉన్న ఇంట్లో రెండు క్లాసులతో సరి. ఆ ఇంట్లో ఇద్దరు పిల్లలుంటే? అందుకే మన కెమెరాని హెచ్‌డీలో పెట్టకండి. కాగితం మీద అక్షరం పెద్దగా ఉంటే తక్కువ స్పష్టత సరిపోతుంది. పిల్లలకి మీట్ యాప్‌లో 'లిమిట్ డేటా యూసేజ్', జూమ్‌లో 'స్టాప్ ఇన్‌కమింగ్ వీడియో' ఎక్కడున్నాయో మొదటి క్లాసులోనే చూపించండి. రెండోది నొక్కినా మనం స్క్రీన్ షేర్ చేసినది కనపడుతుంది.

సిగ్నలు లేని కొండ ఊళ్ల పిల్లలకి రికార్డు చేసి పంపడమే దారి. రికార్డు చేసే ముందు ఫోనుని ఫ్లైట్ మోడ్‌లో పెట్టండి, మధ్యలో కాల్ వస్తే రికార్డింగు ఆగిపోతుంది. ఒక్కో ముక్క ఏడు నిమిషాలు దాటకూడదు, ఒక ముక్కకి ఒక్క భావన. తప్పు పోతే ఏడు నిమిషాలే మళ్లీ చేస్తారు. తర్వాత వీడియోని కుదించే హ్యాండ్‌బ్రేక్ అనే ఉచిత సాఫ్ట్‌వేరులో తెరిచి, ఎత్తు 480, సెకనుకి 15 ఫ్రేములు, వీడియో 300 కిలోబిట్లు, ఆడియో మోనోలో 48 కిలోబిట్లు పెట్టండి. ఏడు నిమిషాల పాఠం సుమారు 18 ఎంబీకి వస్తుంది. దీన్ని వాట్సాప్‌లో వీడియోగా పంపితే అది మళ్లీ కుదించి ఒత్తులు చెరిపేస్తుంది. 'డాక్యుమెంట్' గా పంపండి, ఉన్నది ఉన్నట్టు వెళుతుంది. సంతకి వచ్చినప్పుడో, సిగ్నలు ఉన్న మలుపు దగ్గరో ఒకసారి దింపుకొని ఇంట్లో ఎన్నిసార్లైనా చూసుకుంటారు. పాఠ్యపుస్తకంలో క్యూఆర్ కోడ్ ఉన్నచోట ప్రభుత్వ పాఠాల యాప్ దీక్షాతో స్కాన్ చేసి, అక్కడి పాఠాన్ని కూడా ముందే డౌన్‌లోడ్ చేసి ఉంచుకోమనండి.

కరెంటు పోవడం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తర్వాత మన ఊళ్లో కరెంటూ ఫోన్లూ ఎలా పోయాయో మీకు చెప్పక్కర్లేదు. అంత తుపానుకి ఏ పరికరమూ ఆగదు, అప్పుడు పుస్తకమే. మామూలు కోతకి మాత్రం సిద్ధంగా ఉండొచ్చు. లాప్‌టాప్‌కి బ్యాటరీ ఉంటుంది, రౌటరుకి ఉండదు. చాలా రౌటర్లు 12 వోల్టులతో నడుస్తాయి, వాటికి చిన్న యూపీఎస్ పెట్టెలు దొరుకుతాయి. రౌటరు అడాప్టరు మీద రాసిన వోల్టులూ ఆంపియర్లూ చూసి, దానికి సరిపడేదే కొనండి. లేదా ఫోను హాట్‌స్పాట్‌ని లాప్‌టాప్‌లో ముందే ఒకసారి కలిపి ఉంచండి, అవసరం పడ్డప్పుడు పాస్‌వర్డు కోసం వెతకక్కర్లేదు. డబ్బు కట్టిన జూమ్ ఖాతా ఉంటే ఇంకో ఉపాధ్యాయుణ్ణి కో-హోస్టుగా (తోడు నిర్వాహకుడిగా) పెట్టండి, మీరు తెగిపోయినా గది మూసుకుపోదు. పిల్లలకి మొదటి రోజే చెప్పండి, "నేను కనపడకపోతే ఐదు నిమిషాలు ఉండండి, ఈలోగా ఫలానా పేజీలో మూడో లెక్క చేయండి" అని.

రక్షణ గురించి తక్కువ మాటల్లో, కానీ గట్టిగా చెప్తాను. లింకుని బహిరంగ గ్రూపుల్లో పెట్టకండి. వెయిటింగ్ రూము తెరిచి, రోల్ నంబరుతో ఉన్న పేర్లనే లోపలికి రానివ్వండి. పిల్లలు తెర పంచుకొనే వీలు ఆపండి. కెమెరా తెరవమని ఆడపిల్లల్ని బలవంతపెట్టకండి. వాళ్ల ఇల్లు, వాళ్ల వెనక కనిపించేది వాళ్ల సొంత విషయం. పిల్లల మొహాలు ఉన్న రికార్డింగుని ఎక్కడా పెట్టకండి. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ప్రకారం 18 ఏళ్ల లోపు వాళ్ల వివరాలకి తల్లిదండ్రుల అనుమతి కావాలి.

(సభలోంచి ప్రశ్న: పెన్ను టాబ్లెట్ కొనమంటారా?)

తెర లేని పెన్ను టాబ్లెట్‌లో చెయ్యి ఒకచోట రాస్తుంది, అక్షరం ఇంకోచోట పడుతుంది. ఆ అలవాటు పడటానికి కొన్ని వారాల సాధన కావాలి, తెలుగు ఒత్తులకి ఇంకాస్త ఎక్కువ. వారానికి ఐదారు క్లాసులు చెప్పేవాళ్లయితే కొనండి. వానాకాలం సెలవులకీ, పరీక్షల ముందూ మాత్రమే అయితే కాగితం, స్కెచ్ పెన్ను చాలు. మీ దస్తూరీ పిల్లలకి తెలిసినదే, చదవడం తేలిక. కొనాలనుకుంటే ముందు అరువు తెచ్చుకొని అ నుంచి ఱ దాకా, గుణింతాలతో సహా రాసి, దాన్ని రెండో ఫోనులో చదవగలరో లేదో చూసి కొనండి.

ఇప్పుడు ఇద్దరిద్దరుగా కూర్చోండి. ఒకరు పాఠం చెప్తారు, ఒకరు వరండాలోకి వెళ్లి సిమ్ డేటా మీద చేరతారు. బల్ల మీద కాగితాలు, స్కేళ్లు, టేపు ఉన్నాయి. వరండాలో ఉన్నవాళ్లు ఏం చదవలేకపోయారో, ఏ మాట తెగిందో ఒక చీటీ మీద రాసి తెండి. చీటీలో ఉన్నదాన్ని సవరించి మళ్లీ చేయండి, తర్వాత స్థానాలు మార్చుకోండి.